చిన్న మోటారు బండి టైరును ఇంటివద్ద మార్చుకొనుట – ట్యూబు చెడకుండు పద్ధతి

పాలు పోయు రైతునకు తెల్లవారుజామున 5 గంటలు మొదలు 6 గంటల వఱకు గల కాలము మిక్కిలి విలువైనది. ఆ వేళ క్యాన్లు కట్టిన బండి చక్రము గాలి పోయి నేలకు అణగియుండుట చూచినవాని అవస్థ అనుభవించినవారికే తెలియును. పంక్చరు వేయు దుకాణము మండల కేంద్రములో నుండును. అది తెఱచునప్పటికి ఎండ యెక్కును. ఆ లోపల పాల కేంద్రమున కొలత ముగియును. నాట్ల దినములలోను, మిరప కోతలకు కూలీలను తీసికొనివచ్చు దినములలోను ఇట్టి ఆటంకము తటస్థించినచో నష్టము ఒక పూటతో పోదు.

అందువలన మన సభ్యులలో పలువురు టైరు విప్పుట, ట్యూబు మార్చుట మున్నగు పనులు ఇంటివద్దనే చేసికొనుచున్నారు. ఇది మెచ్చదగినదే. అయినను అట్లు పూనుకొన్నవారిలో అనేకులు ముల్లు చేసిన రంధ్రమొకటి పూడ్చబోయి, తమ చేతులతో మఱి రెండు రంధ్రములు చేసి, కడకు పాత ట్యూబును క్రొత్త ట్యూబును కూడ పాఱవైచి, చక్రమును బస్సులో వేసికొని దుకాణమునకే పోవుచున్నారు. మేమును ఒకప్పుడు అట్లే చేసితిమి. దీపములు పెట్టువేళ పెద్ద స్క్రూడ్రైవరుతో పని మొదలిడి, భోజనపు వేళకు రెండు ట్యూబులు పాడుచేసితిమి. మఱునాడు దుకాణమునకు పోయి, అచ్చటి పనివాడు అదే టైరును ఆయాసము లేకుండ రెండు చిన్న లివర్లతో ఎక్కించుట నిలువబడి చూచితిమి. అతని చేతులలో మాకంటె ఎక్కువ బలము లేదు. అతడు ఎఱిగియు మేము ఎఱుగకయు నుండినది ఒక్కటే విషయము. దానినే ఈ పాఠమున వివరింపదలచితిమి.

మన గ్రామములలో మూటలు మోయుటకు విరివిగా వాడబడు టి.వి.యస్. ఎక్స్.ఎల్. బండిని దృష్టాంతముగా గైకొందము. టి.వి.యస్. 50 అను పేర 1980లో వెలువడిన చిన్నబండి సంతతిలోనిది ఇది. నాలుగు స్ట్రోకుల ఇంజనుగల ఎక్స్.ఎల్. 100 అనునది 2015లో వచ్చినది. పుల్లల చక్రము గల ఈ బండి టైరు గోడమీద 2.50-16 అని అచ్చు వేసియుండును. టైరు వెడల్పు రెండున్నర అంగుళములనియు, అది కూర్చుండు రిమ్ము వ్యాసము 16 అంగుళములనియు దాని యర్థము. ప్రక్కనే 41ఎల్ అని యుండును. 41 అను అంకె ఆ టైరు 145 కిలోల బరువు మోయగలదని చెప్పును. ఎల్ అను అక్షరము గంటకు 120 కిలోమీటర్లకు మించిన వేగము పనికిరాదని చెప్పును. మన త్రోవలలో రెండవదానితో పనిలేదు గాని మొదటిదానిని మఱువరాదు. ఆ 145 కిలోలలో బండి బరువు, నడుపువాని బరువు, యూరియా బస్తాల బరువు, అన్నింటిలో ఆ చక్రముమీద పడు భాగము చేరియుండును. క్రొత్త టైరు కొనునప్పుడు ఈ గుర్తులన్నియు పాతదానితో సరిపోల్చి కొనవలెను. ట్యూబుపైనను అదే కొలత యుండవలెను. 17, 18 అంగుళముల పుల్లల చక్రములు గల మోటారు సైకిళ్లకును దిగువ పద్ధతియే వర్తించును. ట్యూబు లేని టైర్లు గల బండ్ల సంగతి వేఱు. వాని అంచు రిమ్మునకు బిగిసి కూర్చుండుటకు ఒక్కసారిగా ఎక్కువ గాలి కావలెను. చేతిపంపుతో అది సాధారణముగా సాధ్యపడదు గనుక వానిని దుకాణమునకు పంపుటయే మేలు.

ఇక అసలు విషయము. టైరు రెండు అంచులలోను ఉక్కు తీగెల చుట్ట ఇమిడియుండును. పైన రబ్బరు కనబడుటచేత అంచు సాగునని మనము భ్రమపడుదుము. అది సాగదు. ఎడ్లబండి చక్రమునకు వేయు ఇనుప పట్టా ఎట్లు సాగదో ఇదియు అట్లే. కమ్మరి పట్టాను కాల్చి వ్యాకోచింపజేసి ఎక్కించును. మనము టైరును కాల్చలేము. మఱి రిమ్ము చెవికంటె చిన్నదగు అంచు దానిమీదుగా ఎట్లు దాటును? గాజులమ్మి గాజు తొడుగు రీతి తలచుకొన్నచో తెలియును. గాజు సాగదు. ఆమె బలము పెట్టదు. అరచేతిని సన్నముగా ముడిచి, సబ్బు రాచి, ఒదిగిన చోటినుండి జార్చును. బలము పెట్టినచో గాజు పగులును, లేదా చేయి గీచుకొనును.

రిమ్మునకును అట్టి ఒదుగు కలదు. దానిని అడ్డముగా కోసి చూచినట్లు ఊహింపుడు: రెండు ప్రక్కల గట్లు, గట్ల లోపల అంచు కూర్చుండు మెట్టలు, నడుమ పంటకాలువవంటి లోతు. గాలి నిండియున్నప్పుడు అంచులు మెట్టలమీద బిగిసియుండును. గాలి తీసి, ఒకవైపు అంచును మెట్టనుండి దించి నడిమి కాలువలోనికి నెట్టినచో, అటు దిగినంత మేర ఎదుటివైపు వదులు దొరకును. ఆ వదులుతోనే అంచు గట్టు దాటును. లివరు చేయు పని దాటించుట మాత్రమే, సాగదీయుట కాదు. కావున లివరును గట్టిగా లాగవలసి వచ్చినచో బలము చాలలేదని యనుకొనరాదు. ఎదుటివైపు అంచు కాలువలోనుండి పైకి వచ్చియుండును. వెంటనే చేయి ఆపి అటువైపు చూడవలెను. మేము పాడుచేసిన రెండు ట్యూబులును ఈ ఒక్కటి తెలియకనే పాడైనవి.

పనిముట్లు చాల అక్కఱలేదు. 8 మొదలు 10 అంగుళముల పొడవుగల టైరు లివర్లు రెండు, వీలైనచో మూడు, చక్రము విప్పుటకు పానాలు, గాలి పిన్ను తీయు చిన్న సాధనము, చేతిపంపు, గాలి కొలత చూపు గేజి, సబ్బునీరు, కుంచె, ముఖమునకు రాచుకొను పౌడరు. లివరు కొన అంచులు వ్రేలితో తడిమి చూచి, పదునుగాని చిలుములుగాని యున్నచో ఆకురాయితో నున్న చేయవలెను. స్క్రూడ్రైవరును దగ్గఱకు రానీయరాదు. దాని కొన సన్నము, మూలలు పదును. పొడవైన గడ్డపలుగును అంతకంటె హానికరము, ఏలయన పొడుగు లివరుతో మనము ఎంత బలము పెట్టుచున్నామో మన చేతికి తెలియదు. నూనె, గ్రీజు, కిరసనాయిలు రబ్బరును ఉబ్బించి చెడగొట్టును గాన జారుటకై వానిని పూయరాదు. సబ్బునీరు చాలును, అది తరువాత ఎండిపోవును.

చక్రము విప్పుట గూర్చి క్లుప్తముగా చెప్పెదము. గట్టినేలపై బండిని నడిమి స్టాండుమీద నిలిపి, క్రింద గోనె పఱవవలెను. వెనుక చక్రమైనచో గొలుసు బిగువు గుర్తులు రెండువైపుల ఎన్నవ గీతపై నున్నవో సుద్దతో వ్రాసికొనవలెను. ఇరుసునుండి వచ్చిన వాషర్లు, బుష్షులు వచ్చిన వరుసనే పళ్ళెములో పెట్టవలెను. ఇప్పుడు అందఱి జేబులలోను ఫోను ఉన్నది. విప్పకముందు రెండు ప్రక్కల ఫొటో తీసికొన్నచో బిగించునప్పుడు తగవులాడుకొన నక్కఱలేదు.

చక్రము చేతికి వచ్చిన పిదప గాలి పిన్నును పూర్తిగా తీసివేసి, గాలి యంతయు పోవు వఱకు నొక్కవలెను. వాల్వు ఎదుట టైరు గోడపై సుద్దతో గుర్తు పెట్టవలెను. దీని యుపయోగము ముందు చెప్పెదము. వాల్వు నట్టు విప్పి, చక్రమును గోనెపై పండబెట్టి, రిమ్ము ప్రక్కనే టైరు గోడను మడమతో త్రొక్కుచు చుట్టును తిరుగవలెను. పుల్లలపై కాలు పడరాదు. అంచు మెట్టనుండి విడిపోయి కాలువలోనికి జాఱును. చక్రమును త్రిప్పి రెండవ ప్రక్కను కూడ అట్లే చేయవలెను. పాత టైరు త్రుప్పుతో అంటుకొనియున్నచో సబ్బునీరు పోసి కొంతసేపు ఆగవలెను.

విప్పుట వాల్వువద్ద మొదలిడవలెను. వాల్వునకు సరిగా ఎదుటివైపు మోకాలితో అంచును కాలువలోనికి అదిమిపట్టి, వాల్వు ప్రక్కన లివరు కొనను అంచు క్రిందికి అర అంగుళము మాత్రమే దూర్చవలెను. లోతుగ దూర్చినచో ట్యూబు లివరునకును రిమ్మునకును నడుమ చిక్కును. మొదటి లివరును పడవైచి పట్టుకొని, 2 లేక 3 అంగుళముల దూరమున రెండవది దూర్చి ఎత్తవలెను. తొందరపడి జానెడు దూరమున వేసినచో అంత మేర అంచు ఒక్కసారిగా రాదు; అప్పుడే బలము పెట్టబుద్ధి పుట్టును. కొంచెము కొంచెముగ జానెడు అంచు వెలుపలికి వచ్చిన పిదప మిగిలినది చేతితోనే వచ్చును. ట్యూబు మార్చుటకు ఒక ప్రక్క అంచు వచ్చిన చాలును. వాల్వును పట్టి లాగక, దానికి ఎదుటివైపునుండి ట్యూబును తీయుచు వచ్చి, వాల్వును కడపట లోపలికి త్రోసి తీయవలెను. టైరునే మార్చువారు రెండవ అంచును కూడ అదే ప్రక్కకు తీయవలెను.

ఇచ్చట ఆగి, చెడిన ట్యూబును చదువవలెను. చదువవలెనని బుద్ధిపూర్వకముగనే వ్రాయుచున్నాము. అది ఏల చెడెనో తెలియక క్రొత్తది వేసినచో క్రొత్తదియు మఱునాటికి చెడును. కొంచెము గాలి కొట్టి గంగాళములోని నీట ముంచిన బుడగలు వచ్చును. రంధ్రము వెలుపలి ప్రక్కన, నేలను తాకు భాగమున ఒక్కటిగా నున్నచో అది ముల్లు, లేదా మేకు. లోపలి ప్రక్కన, అనగా రిమ్మువైపున నున్నచో పుల్ల కొన రిమ్ము పట్టీని దాటి పొడిచినది. రెండు చిన్న చీలికలు పాముకోరల గాటువలె ప్రక్కప్రక్కన నున్నచో, గాలి తక్కువగా నుండగా బండి రాతికి కొట్టుకొని టైరు రిమ్ముల నడుమ ట్యూబు నలిగినది. లేదా ఎవరో లివరుతో నొక్కిరి. వాల్వు మొదట చినిగియున్నచో గాలి తక్కువై బ్రేకు వేసినప్పుడెల్ల టైరు రిమ్ముమీద జాఱి ట్యూబును తనతో ఈడ్చినది. ఈ కడపటి రకము దోషమునకు అతుకు నిలువదు, ట్యూబు మార్చవలసినదే.

రంధ్రము ముల్లుదైనచో ట్యూబును టైరుప్రక్క సుద్ద గుర్తునకు వాల్వు సరిపెట్టి పఱచినయెడల ముల్లున్న చోటు ఇంచుమించుగా తెలియును. సర్కారుతుమ్మ ముల్లు విఱిగి కొన మాత్రము టైరులో నిలిచియుండుట తఱచు. బయట ఏమియు కనబడదు. వ్రేలితో తడిమినచో వ్రేలు తెగవచ్చును. పాత గుడ్డను టైరు లోపల చుట్టును త్రిప్పినచో ముల్లు కొన గుడ్డను పట్టి ఆపును. ఒక ముల్లు దొరికెనని చాలింపక గుడ్డను రెండవసారి త్రిప్పవలెను. పిదప రిమ్మును చూడవలెను. పుల్లల కొనలను కప్పు రబ్బరు పట్టీ చినిగియున్నచో, ముడుతపడియున్నచో క్రొత్తది వేయవలెను. దాని వెల స్వల్పము, అది లేని చేటు అధికము. పొడుచుకొనివచ్చిన పుల్ల కొనలను ఆకురాయితో రుద్దవలెను. పట్టీ రంధ్రము రిమ్ము రంధ్రమునకు సరిగా ఎదురుగా నుండవలెను.

టైరు లోపలి గుడ్డపోగు తెగియున్నను, అంచు తీగె బయటపడియున్నను, గోడమీద బొబ్బవలె ఉబ్బు కనబడినను ఆ టైరును మరల వేయరాదు. ఇంకను నాలుగు నెలలు నడచునని అనుకొనువారు తమ వెనుక కూర్చుండువారిని తలచుకొనవలెను.

ఎక్కించుటలోనే ట్యూబులు ఎక్కువగా చెడును గనుక దీనిని నిదానముగా చెప్పెదము. టైరు గోడపై బాణపు గుర్తున్నచో అది చక్రము ముందునకు తిరుగు దిక్కును చూపవలెను; మఱచినవారు పని యంతయు మరల చేయవలసివచ్చును. అంచులకు సబ్బునీరు పూసి, మొదటి అంచును ఒకవైపు కాలువలోనికి దింపి చేతులతో నొక్కినచో చాలవఱకు లివరు లేకయే ఎక్కును. పిదప ట్యూబునకు పౌడరు రాచి, గాలి పిన్ను బిగించి, ముడుతలు పోయి గుండ్రముగా నిలుచునంత గాలి మాత్రము కొట్టవలెను. గాలి లేని ట్యూబు వేలాడి అంచు క్రిందికి పోవును. ఎక్కువ గాలి యున్నది కాలువను నింపి అంచునకు చోటీయదు. వాల్వును రంధ్రములో దూర్చి నట్టును రెండు చుట్లు మాత్రము త్రిప్పి వదలవలెను. అది బిగింపరాదు. ట్యూబును మెలి లేకుండ లోపల చుట్టును సర్దవలెను.

రెండవ అంచును వాల్వునకు ఎదుటివైపున మొదలిడి, రెండు చేతులతో ఇరుప్రక్కలకు సమముగా ఎక్కించుచు వచ్చి, వాల్వువద్ద ముగింపవలెను. వాల్వువద్దనే ముగించుట ఏలయని కొందఱు మమ్మడిగిరి. వాల్వు మొదట రబ్బరు దళసరిగా నుండి కాలువను ఆక్రమించును. అచ్చట అంచు దిగదు. అచ్చట మొదలిడి ఎదుట ముగింపబోయినచో కావలసిన వదులు దొరకదు, కడపటి జానెడు కొండయై కూర్చుండును. మే మానాడు కూర్చుండి కొట్టుకొన్నది ఆ కడపటి జానెడుతోనే. సరియైన విధమున వచ్చినచో కడపటి జానెడు మిగిలినప్పుడు ఎదుటి అంచును మోకాళ్లతో కాలువలోనికి మరల అదిమి, సబ్బునీరు పూసి, ఒకసారి ఈ కొననుండి ఒకసారి ఆ కొననుండి అంగుళమేసి చొప్పున లివరు వేయవలెను. ప్రతిసారి లివరు దూర్చకముందు ట్యూబును వ్రేలితో లోపలికి నెట్టవలెను. లివరును నిటారుగా నిలిపిన తరువాత ఇంకను ముందునకు వంపరాదు. ఆ వంపులోనే దాని కొన ట్యూబును తాకును.

అంచు ఎక్కిన పిదప వాల్వును ఒకసారి లోపలికి త్రోసి మరల లాగవలెను. వాల్వు మొదటి రబ్బరు అంచు క్రింద చిక్కియున్నచో ఇందువలన విడిపోవును. తరువాత రెండు ప్రక్కలను గోడను వ్రేళ్లతో నొక్కుచు చుట్టును తొంగిచూచి, ట్యూబు నలుపు ఎచ్చటను రిమ్మునకును అంచునకును నడుమ కనబడదని నిశ్చయించుకొనవలెను. ఈ పరీక్షకు రెండు నిమిషములు పట్టును. దీనిని మానివేసినవారి ట్యూబు కొన్నిసార్లు వెంటనే చెడదు. నలిగిన చోటు రెండు మూడు దినములు నిలిచి, బరువుతో పోవుచుండగా ఒక్కసారిగా విచ్చును. ముందు చక్రమున అట్లు జరిగినచో హ్యాండిలు చేతికి లొంగదు. ముందు బిడ్డను, వెనుక ఇల్లాలిని కూర్చుండబెట్టుకొని పోవు బండి అది.

గాలి కొట్టుట రెండు దశలలో చేయవలెను. మొదట కొంత కొట్టి, చక్రమును నాలుగైదు మాఱులు నేలపై దొర్లించి తట్టి, గాలి యంతయు మరల వదలివేయవలెను. లోపల ట్యూబు ముడుతలు ఇందువలన సర్దుకొనును. రెండవసారి నిండుగ కొట్టవలెను. టైరు గోడపై అంచునకు దగ్గఱగా సన్నని గీత యొకటి చుట్టును అచ్చువేసియుండును; అది రిమ్మునుండి అంతటను ఒకే దూరమున కనబడవలెను. ఒకచోట లోపలికి పోయినచో అంచు అచ్చట కూర్చుండలేదు. గాలి తీసి సబ్బునీరు పూసి మరల కొట్టవలెనే గాని, అదే కూర్చుండునని టైరుపై వ్రాసిన పరిమితికి మించి గాలి నింపరాదు. నడుపుటకు ఎంత గాలి యుండవలెనో బండితో వచ్చిన పుస్తకమున, పలు బండ్లపై చీటీరూపమునను వ్రాసియుండును. బొటనవ్రేలితో నొక్కి చూచి చాలుననుట మనకు అలవాటు. గేజి తెచ్చిన తరువాత మేమా వ్రేలిని పరీక్షించితిమి. అది మమ్ములను చాలమాఱులు మోసగించినది.

వాల్వు నట్టును రిమ్మునకు బిగింపక మూతవైపునకు త్రిప్పి వదలుట మేలు. టైరు ఎప్పుడైన జాఱినచో వాల్వు ఒకప్రక్కకు వంగి ముందుగ మనకు తెలుపును. బిగించియున్నచో వంగదు, చినుగును.

చక్రము బండికి బిగించునప్పుడు ముందు వ్రాసికొన్న గుర్తుల ప్రకారము గొలుసు బిగువు సరిచూచి, ఇరుసు నట్టును, బ్రేకు కడ్డీని అమర్చి, చక్రము చేతితో త్రిప్పి చూచి, బండిని నాలుగడుగులు నెట్టి బ్రేకు పట్టునో లేదో చూచిన పిదపనే ఎక్కవలెను.

పంక్చరు వేయువారి జీవనమునకు అడ్డుపడుట మా యుద్దేశము కాదు. మాకు ఈ పని పట్టువడినది వారిని చూచియే. పగటివేళ దుకాణము దగ్గఱనున్నచో అచ్చటికే పోవుట సుఖము. ఒక్కొక్కరు లివర్లు, పంపు, గేజి విడివిడిగా కొనుటకంటె గ్రామమునకు ఒక జత చొప్పున సంఘముననే కొనియుంచి, పుస్తకములో సంతకము తీసికొని సభ్యులకు ఇచ్చుట చౌక. ట్యూబును మాత్రము ఎవరి బండి కొలతది వారే ఒకటి ఇంట నుంచుకొనవలెను. దానిని ఎండ తగలని చోట, పౌడరు చల్లి, గుడ్డలో చుట్టి యుంచవలెను. పానాల సంచిలో పడవైచిన క్రొత్త ట్యూబునకు సంచిలోనే రంధ్రము పడుట మేము చూచియున్నాము.

మొదటిసారి చేయువారు అవసరము వచ్చువఱకు ఆగక, పని తక్కువగా నున్న ఒక మధ్యాహ్నము పాత టైరును, పనికిరాని ట్యూబును తీసికొని రెండుసార్లు ఎక్కించి విప్పి చూడవలెను. టైరు మార్చిన మఱునాడు ఉదయము గేజితో గాలి చూచి, మొదటి 10 కిలోమీటర్లు నడచిన తరువాత ఇరుసు నట్టును, వాల్వు నిటారుగా నున్నదా యనుదానిని మరల ఒకసారి చూచుకొనవలెను.